ఎండ తగ్గే లెక్క కనిపెట్టిన సైనికుడు – మాలస్ కథ

పోయిన వేసవిలో మా రూములో ఒక చిన్న గొడవ జరిగింది. ఒక తమ్ముడు కొత్తగా నల్ల కళ్లద్దాలు కొనుక్కొచ్చాడు. 'పోలరైజ్డ్' అని స్టిక్కర్ ఉన్నవి. అవి పెట్టుకుని ఫోన్ చూస్తుంటే బాగానే ఉంది, ఫోన్ ఒక పక్కకి తిప్పేసరికి తెర నల్లబడిపోతోంది. ఫోన్ పాడైందని అతనికి గుబులు. దొంగ మాలు అంటగట్టారని పక్క మంచం అన్న తీర్పు. చివరికి తేలింది ఏంటంటే ఫోనూ బాగానే ఉంది, అద్దాలూ అసలైనవే. తెర నల్లబడటమే వాటి మంచితనానికి రుజువు.

ఎందుకు నల్లబడుతుంది, ఎంత తిప్పితే ఎంత నల్లబడుతుంది అన్నదానికి ఒక లెక్క ఉంది. ఇంటర్‌లో సైన్సు చదివినవాళ్లకి 'మాలస్ నియమం' అన్న పేరు లీలగా గుర్తుండవచ్చు. పరీక్ష అయిపోగానే నేనూ మర్చిపోయాను. కానీ ఆ మాలస్ ఎవరో తెలిశాక నాకు ఆ పేరు మళ్లీ మర్చిపోబుద్ధి కాలేదు. తట్టా పారా పట్టి మట్టి పని చేసినవాడు, పెళ్లి పెట్టుకుని ఎడారి దేశానికి పోయినవాడు, అక్కడ మహమ్మారి తగిలి చావు అంచు దాకా వెళ్లి వచ్చినవాడు. ఈ ఏటి సంచికలో అతని గురించి రాయమని నన్ను నేనే అడుక్కున్నాను.

ఎతియెన్ లూయీ మాలస్ 1775 జులై 23న పారిస్‌లో పుట్టాడు. తండ్రి రాజు గారి ఖజానాలో పెద్ద ఉద్యోగి. ఇంట్లోనే చదువు చెప్పించారు. కుర్రాడు గణితంలో గట్టివాడు, సాహిత్యమూ ఇష్టమే. మెజియేర్ అనే ఊళ్లో సైనిక ఇంజనీర్లని తయారుచేసే బడి ఉండేది. అందులో చేరాడు. అప్పటికి ఫ్రాన్సులో విప్లవం నడుస్తోంది. రాజు తల తీసేసిన రోజులు. రాజు దగ్గర పనిచేసినవాడి కొడుకు కాబట్టి నువ్వు అనుమానితుడివి అని బడి నుంచి పంపేశారు. అతను చేసిన తప్పు ఏమీ లేదు. కాగితం మీద తండ్రి పేరే తప్పు.

బతకాలి కాబట్టి మామూలు సిపాయిగా పేరు రాయించుకున్నాడు. డంకెర్క్ రేవులో కోటగోడలు బాగుచేసే పనిలో పెట్టారు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వయసు. మట్టి తవ్వడం, తోపుడు బండిలో పోసుకుని గట్టు మీదకి తొయ్యడం. ఇక్కడ జరిగిన సంగతి ఒకటి అతని స్నేహితుడు అరగో తర్వాత రాసిపెట్టాడు. లెపేర్ అనే ఇంజనీరు పని చూడ్డానికి వచ్చి, ఈ గుంపు మట్టి మోసే పద్ధతి మిగతా చోట్లలాగా లేదని గమనించాడట. తవ్వినచోటు నుంచి గట్టుకి తక్కువ కష్టంతో మట్టి చేరేలా మనుషుల్ని సర్దారు. ఎవరు చెప్పారు ఇలా అని అడిగితే కూలీలంతా ఒక కుర్ర సిపాయిని చూపించారు. అతనే మాలస్.

ఇది చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను. మన సైట్లలో ఇలాంటి బుర్రలు ఎన్ని చూడలేదు? స్కఫోల్డింగు ఎక్కడ నుంచి మొదలుపెడితే రెండు సార్లు విప్పక్కర్లేదో ఫోర్‌మన్ కంటే ముందు హెల్పర్‌కి తెలుస్తుంది. అడిగేవాడు ఉండాలి, అంతే. మాలస్ అదృష్టం, లెపేర్ అడిగాడు. అడిగి ఊరుకోకుండా, పారిస్‌లో అప్పుడే కొత్తగా తెరుస్తున్న ఇంజనీరింగ్ బడికి పంపాడు. తర్వాత ఎకోల్ పాలిటెక్నిక్ అని ప్రపంచమంతా పేరు మోగింది ఆ బడికే. మాలస్ దాని మొదటి బ్యాచ్ విద్యార్థి. మోంజ్ అనే గొప్ప గణిత పండితుడు అక్కడ అతనికి గురువు.

చదువు అయ్యాక మళ్లీ సైన్యమే, ఈసారి ఇంజనీరుగా. జర్మనీ వైపు పంపారు. గీసెన్ అనే ఊళ్లో విశ్వవిద్యాలయ అధికారి కూతురు విల్హెల్మినే కోచ్‌తో పరిచయమైంది, పెళ్లి మాట కుదిరింది. ఇంతలో ఆర్డరు వచ్చింది. ఎక్కడికో చెప్పకుండా ఓడ ఎక్కమన్నారు. అది 1798. నెపోలియన్ ఈజిప్టు మీదకి దండు తీస్తున్నాడు. లీవు, వాయిదా అనే మాటలు అక్కడ లేవు. పెళ్లికూతురు గీసెన్‌లో ఉండిపోయింది, పెళ్లికొడుకు నైలు నది ఒడ్డున దిగాడు. ఆ ఆగస్టులోనే ఇంగ్లీషు నౌకాదళం ఫ్రెంచి ఓడల్ని తగలబెట్టేసింది. వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయింది. ఉత్తరాలు పోవడమే కష్టం.

కైరోలో నెపోలియన్ ఒక పండితుల సంఘం పెట్టాడు. గణిత విభాగంలో మాలస్‌కి చోటు ఇచ్చారు. కానీ పేరుకే పండితుడు. నెలలో ఎక్కువ రోజులు గుర్రం మీద, ఇసకలో, కోటలు కడుతూ, కోటలు పడగొడుతూ గడిచాయి. 1799 మార్చిలో దండు పాలస్తీనా తీరంలో జాఫా పట్టణాన్ని పట్టుకుంది. అక్కడ పట్టణవాసుల మీద, లొంగిన సైనికుల మీద జరిగిన ఘోరాన్ని మాలస్ కళ్లారా చూశాడు. తన నోటు పుస్తకంలో దాచకుండా రాసుకున్నాడు. గెలిచిన పక్షం మనిషి అయ్యుండీ అలా రాసుకోవడం చిన్న సంగతి కాదు. ఆ పుస్తకం అతను పోయిన ఎనభై ఏళ్లకి, 1892లో అచ్చయింది.

జాఫాలో అతని పని కోటకి మరమ్మతులు, సైనికులకి ఆసుపత్రి ఏర్పాటు. అప్పటికే ప్లేగు అంటుకుంది. ఆసుపత్రి పెట్టినవాడికీ తగిలింది. పక్కవాళ్లు రాలిపోతుంటే అతను ఎలా బతికాడో అతనికే తెలీదు. ఓడ ఎక్కించాక సముద్రపు గాలికి కాస్త తేరుకున్నాడని అంటారు. ఒడ్డు చేరాక క్వారంటైన్‌లో వేశారు. కరోనా రోజుల్లో క్యాంపు గేటుకి తాళం వేసి, లోపల రోగినీ మంచివాణ్నీ ఒకే గదిలో పడుకోబెట్టిన సంగతి మనలో కొందరికి ఇంకా గుర్తే. మాలస్ పరిస్థితీ అదే.

విచిత్రం ఏంటంటే ఆ ఈజిప్టులోనే అతను వెలుతురు గురించి మొదటి వ్యాసం రాశాడు. వెలుతురు అంటే వేడి పదార్థం, ఆక్సిజన్ కలిసిన ఒక రకం ముద్ద అని అందులో అతని వాదన. పూర్తిగా తప్పు. కానీ గుడారంలో, జ్వరం తగ్గీ తగ్గకుండా ఉన్న మనిషి, చేతిలో ఏ పరికరమూ లేక, వెలుతురు దేనితో అయిందా అని ఆలోచించాడు చూడండి, నాకు అతని ఒప్పుల కంటే ఆ తప్పే ఎక్కువ నచ్చింది.

1801లో ఫ్రాన్సు చేరాడు. ఒళ్లు గుల్లయిపోయింది. అయినా ఇంట్లో పడుకోలేదు, నేరుగా గీసెన్ వెళ్లాడు. విల్హెల్మినే ఎదురుచూస్తోంది. పెళ్లి చేసుకున్నారు. తర్వాత ఉద్యోగం లిల్ అనీ, ఆంట్‌వెర్ప్ అనీ, స్ట్రాస్‌బుర్గ్ అనీ ఊళ్లు తిప్పింది. పగలు కోటల పని, రాత్రి గణితం. ఆ ఏళ్ల గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు.

అసలు కథ 1808లో. ఆ ఏడు మొదట్లో ఫ్రెంచి పండితుల సభ ఒక పోటీ ప్రకటించింది. ఐస్‌లాండ్ స్ఫటికం అని ఒక రాయి ఉంది. గాజులా తేటగా ఉంటుంది. దాన్ని కాగితం మీద పెడితే ఒక్కో అక్షరం రెండుగా కనిపిస్తుంది. దీన్ని 1669లోనే డెన్మార్క్ పండితుడు బార్తొలిన్ లోకానికి చెప్పాడు. తర్వాత హైగెన్స్ దానికో లెక్క కట్టాడు. ఆ లెక్క నిజమేనా, ప్రయోగంతో తేల్చండి అన్నది పోటీ.

మాలస్ అప్పుడు పారిస్‌లో ఉంటున్న వీధి పేరుకి అర్థం 'నరకం వీధి'. ఒక సాయంత్రం తన ఇంటి నుంచి లక్సెంబర్గ్ రాజభవనం వైపు చూస్తున్నాడు. దిగుతున్న సూర్యుడి ఎండ ఆ భవనం కిటికీ అద్దాల మీద పడి మెరుస్తోంది. చేతిలో పోటీ కోసం తెచ్చుకున్న స్ఫటికం ఉంది. ఊరికే దాన్ని కంటికి అడ్డం పెట్టాడు. రెండు బొమ్మలు కనపడాలి, కనపడ్డాయి. కానీ రెండూ సమానంగా వెలగడం లేదు. స్ఫటికాన్ని మెల్లగా తిప్పాడు. ఒక బొమ్మ వెలుగుతూంటే రెండోది మసకబారింది. ఇంకా తిప్పితే ఇది మసక, అది వెలుగు.

ముందు గాలి వల్ల అనుకున్నాడు. చీకటి పడ్డాక ఇంట్లోనే కొవ్వొత్తి వెలిగించి, నీటి మీద పడి తిరిగివచ్చే దాని వెలుగుని చూశాడు. గాజు మీదా చూశాడు. నీటి మీద ఏటవాలుగా, నిట్టనిలువు గీత నుంచి సుమారు 53 డిగ్రీల కోణంలో పడి తిరిగి వచ్చిన వెలుగైతే, స్ఫటికం తిప్పినప్పుడు ఒక బొమ్మ పూర్తిగా మాయం. అంటే స్ఫటికం చేసే మాయ స్ఫటికంలోనే లేదు. నీళ్ల మీద, అద్దం మీద తగిలి వచ్చినా వెలుతురు అదే గుణం తెచ్చుకుంటోంది. ఆ గుణానికి అతను పెట్టిన పేరే పోలరైజేషన్. తెలుగు పుస్తకాల్లో ధ్రువణం అంటున్నాం.

ఇప్పుడు మనకి తెలిసిన మాటల్లో చెప్పుకుందాం. వెలుతురు అల లాంటిది. మామూలు ఎండలో ఆ అల పైకీ కిందకీ, అడ్డంగా, ఐమూలగా, అన్ని వైపులా ఊగుతుంది. కిటికీ నిలువు ఊచల సందులోంచి ఒక తాడు బయటికి లాగి అవతల చివర కట్టండి. తాడుని పైకీ కిందకీ ఊపితే ఊపు ఊచలు దాటి పోతుంది. అడ్డంగా ఊపితే ఊచలకి కొట్టుకుని ఆగిపోతుంది. ధ్రువణ ఫిల్టర్ చేసే పని అది. ఒక్క దిశలో ఊగే వెలుగునే వదులుతుంది. అందుకే మామూలు ఎండ ఒక మంచి ఫిల్టర్ దాటితే సగానికి పడిపోతుంది. ఫిల్టర్‌ని ఎటు తిప్పినా ఆ సగం మారదు.

మారేది రెండో ఫిల్టర్ దగ్గర. మొదటిది దాటిన వెలుగు ఇప్పుడు ఒకే దిశలో ఊగుతోంది. రెండోది కూడా అదే దిశలో ఉంటే మొత్తం వదిలేస్తుంది. 90 డిగ్రీలు తిప్పితే ఏమీ వదలదు, చీకటి. మధ్యలో ఎంత? ఇక్కడే మాలస్ లెక్క. రెండు దిశల మధ్య కోణానికి కొసైన్ తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించాలి. 30 డిగ్రీల దగ్గర వందకి 75 వంతులు వస్తుంది. 45 దగ్గర 50. 60 దగ్గర 25. ఎందుకు హెచ్చించాలి అంటే, వెలుగు తీవ్రత ఊపుతో సమానంగా పెరగదు. 60 డిగ్రీల దగ్గర ఊపు సగమే అవుతుంది, కాని ఊపు సగమైతే వెలుగు పావు అవుతుంది.

ఈ లెక్కలో ఒక తమాషా ఉంది. మొదటి 10 డిగ్రీలు తిప్పితే వెలుగు వందకి 3 వంతులే తగ్గుతుంది, కంటికి తెలీదు. అదే 40 నుంచి 50కి తిప్పితే 17 వంతులు ఒక్కసారిగా పోతుంది. చివర 80 నుంచి 90కి మళ్లీ 3 వంతులే. ఫోన్ తిప్పేటప్పుడు ఇదే చూస్తారు. కాసేపు ఏమీ కాదు, మధ్యలో గబుక్కున నల్లబడుతుంది. ఫోన్ తెర నుంచి వచ్చే వెలుగు ముందే ఒక ఫిల్టర్ దాటి వస్తుంది, మీ కళ్లద్దం రెండోది.

ఇంకో తమాషా. రెండు ఫిల్టర్లు అడ్డంగా పెట్టి చీకటి చేశాక, వాటి మధ్యలో మూడోదాన్ని 45 డిగ్రీలకి దూర్చండి. అడ్డం ఇంకోటి పెరిగింది కదా, ఇంకా చీకటి అవ్వాలి. కానీ వెలుగు వస్తుంది! మొదటిది దాటి సగం, రెండోది దాటి అందులో సగం, మూడోది దాటి మళ్లీ అందులో సగం. మొత్తం ఎండలో ఎనిమిదో వంతు. మధ్యవర్తి వచ్చాక మాట కలిసిన బంధువుల్లాగా.

మాలస్ కాలంలో ఈ పల్చటి ఫిల్టర్లు లేవు. అవి 1929 ప్రాంతంలో అమెరికాలో ఎడ్విన్ ల్యాండ్ చేతిలో తయారయ్యాయి. మాలస్ దగ్గర ఉన్నవి స్ఫటికాలు, గాజు పలకలు, కొవ్వొత్తి. వెలుగుని అంకెల్లో కొలిచే పరికరం కూడా లేదు. స్ఫటికంలో రెండుగా చీలిన వెలుగు ఒకదాంట్లో ఎంత తగ్గితే రెండోదాంట్లో అంత పెరగాలి, మొత్తం పోకూడదు. అన్నదమ్ముల వాటాలాగా. దీనికి సరిపోయే లెక్క అదేనని ఆలోచించి చెప్పాడు. నిజంగా కొలిచి సరిపోయిందని చూపించింది తర్వాత అరగో.

ఇక మన పనికొచ్చే మాట. సముద్రం మీద, తడి రోడ్డు మీద, కార్ల పెయింటు మీద, గాజు మీద తగిలి వచ్చే మెరుపు ఎక్కువగా అడ్డంగా ఊగుతుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు నిలువు ఊపుని మాత్రమే వదులుతాయి. అందుకే డ్రైవర్ అన్నలకి అవి వరం. కానీ తల పక్కకి వాల్చితే ఆ మెరుపు కొంత తిరిగి వస్తుంది, మాలస్ లెక్క ప్రకారమే. జీఐ రేకులు, స్టీలు లాంటి వట్టి లోహం మీద నుంచి వచ్చే మెరుపు అలా ఊగదు కాబట్టి రేకుల పనివాళ్లకి అంత తేడా తెలీదు. క్రేన్, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లు ముందు యంత్రం తెర ఈ అద్దాల్లోంచి కనిపిస్తోందో లేదో బండి కదిలించక ముందే చూసుకోండి. లోడు అంకె నల్లగా కనిపిస్తే ప్రాణాల మీదకి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, వెల్డింగుకి ఇవి పనికిరావు. పోలరైజ్డ్ అంటే అతినీల కిరణాలు ఆపుతుందని కూడా అర్థం కాదు, దానికి యూవీ గుర్తు వేరే ఉండాలి. నల్లద్దాలతో ట్యాకింగు కొట్టి రాత్రంతా కళ్లలో ఇసక పోసినట్టు ఏడ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని.

మళ్లీ మాలస్ దగ్గరికి. 1810లో ఆ పోటీ బహుమతి అతనికే వచ్చింది. అదే ఏడు పండితుల సభలో సభ్యుడయ్యాడు. పాలిటెక్నిక్ బడికి, తనని మట్టి పని నుంచి పైకి తెచ్చిన ఆ బడికే, పరీక్షాధికారిగా పిల్లల్ని పరీక్షించాడు. ఇంగ్లండు, ఫ్రాన్సు అప్పుడు యుద్ధంలో ఉన్నాయి. అయినా లండన్ రాయల్ సొసైటీ తన రమ్‌ఫర్డ్ పతకం ఈ శత్రుదేశపు సైనికుడికి ఇచ్చింది. ఆ కబురు రాసిన కార్యదర్శి థామస్ యంగ్. వెలుతురు అల అని వాదించేవాడు యంగ్. మాలస్ మాత్రం వెలుతురు రవ్వలు అని చివరిదాకా నమ్మినవాడు. మాలస్ కనిపెట్టిన గుణమే యంగ్ సిద్ధాంతానికి పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. అయినా పతకం ఆపలేదు. తర్వాత పదేళ్లకి యంగ్, ఫ్రెనెల్ కలిసి ఆ చిక్కు విప్పారు, అల పక్కలకి ఊగుతుందని. మాలస్ నమ్మకం ఓడింది, అతని లెక్క మాత్రం ఒక్క అంకె మారకుండా నిలిచింది.

అది చూడటానికి అతను లేడు. ఈజిప్టు నుంచి తెచ్చుకున్న శరీరం ఎప్పుడూ పూర్తిగా బాగుపడలేదు. క్షయ పట్టింది. 1812 ఫిబ్రవరి 24న పోయాడు. ముప్పై ఆరేళ్లు. కిటికీలో ఆ మెరుపు చూసి నాలుగేళ్లు కూడా కాలేదు.

పారిస్‌లో ఈఫిల్ టవర్ కట్టినప్పుడు మొదటి అంతస్తు కింద చుట్టూ 72 మంది శాస్త్రవేత్తల, ఇంజనీర్ల పేర్లు పెట్టారు. అందులో మాలస్ పేరు ఉంది. విల్హెల్మినే పేరు ఎక్కడా లేదు. ఎదురుచూసినన్ని రోజులూ ఎదురుచూసి, జబ్బుతో ఉన్నన్ని రోజులూ పక్కన కూర్చుని సేవ చేసింది ఆమే. అతను పోయాక ఆమె కూడా ఎక్కువ కాలం బతకలేదు.